ముసిముసి నవ్వుల మర్యాద
పెళ్లిపందిట్లో పెద్దాయన గద్దిస్తుంటే, వెనక వరుసలో కొత్తకోడలు కొంగు పంటికింద నొక్కిపట్టి ముసిముసిగా నవ్వుతుంది. పెదవి బిగిసే ఉంటుంది, భుజాలు మాత్రం ఆగవు. భరతుడి నాట్యశాస్త్రం హాసాన్ని ఆరు రకాలుగా విడదీసి, పళ్లు కనబడని స్మితాన్ని ఉత్తములకిచ్చింది. వేళకాని వేళ భుజాలూ తలా అదిరేలా నవ్వే అపహసితాన్ని అధములకు అంటగట్టింది. ఈ పంపకం నాకు సమ్మతం కాదు. ఈ పిల్ల మొహంలో మొదటిదీ, ఒంట్లో రెండోదీ ఒకేసారి ఉన్నాయి మరి! చిరునవ్వు పుట్టడమే చిన్నగా పుడుతుంది. ముసిముసి నవ్వు పెద్దదిగానే పుడుతుంది, బయటికి రానివ్వరంతే. గట్టిగా నవ్వితే ‘ఏంటా ఇకిలింపు’ అని కసిరే ఇళ్లలో ఆడపిల్లలు తరతరాలుగా సాధించిన విద్య ఇది. దాన్ని సిగ్గు అని ఒక్క ముక్కలో తేల్చేసే కథకులతో నాకు పేచీ: ఆమె ఎవరి మాటకు నవ్విందో కూడా రాయండి.