42 గజాల హక్కు

తండ్రి వదిలి వెళ్ళిన ఇంటిని బిడ్డలు పంచుకోవడం నేరం కాదు. అయినా మన నగర ప్రణాళికా నిబంధనలు వారసులు పంచుకున్న ఇంటినీ, వ్యాపారి ముక్కలు చేసి అమ్ముకున్న పొలాన్నీ ఒకే తక్కెడలో తూస్తున్నాయి. ఆ తూకంలో నష్టపోతున్నది ముందుగా మన తల్లులు, మన ఆడబిడ్డలు. ఇది అన్యాయమని మేము అంటున్నాము.

ఉప్పల్, నాచారం ప్రాంతాలను చూడండి. ఉప్పల్ కలాన్, కాప్రా సహా 12 పురపాలక సంఘాలను కలుపుకొని 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. అంతకు ముందే ఇక్కడి పారిశ్రామిక వాడల్లో చెమటోడ్చి, జీతంలో మిగిల్చి, రెండు మూడు వందల గజాల్లో ఇల్లు కట్టుకున్న తరం ఒకటి ఉన్నది. ఆ తరం ఇప్పుడు ఒక్కొక్కరుగా కన్నుమూస్తున్నది. 2017లో నాగోల్ మార్గంలో మెట్రో నడక మొదలైన తరువాత ఆ నేలపై బిల్డర్ల చూపు పడింది.

ఒక లెక్క చూద్దాము. 240 గజాల ఇల్లు వదిలి ఒక తండ్రి మరణించాడు. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు. అతని తల్లిదండ్రులు ముందే గతించారు; అప్పులు, వీలునామా లేవు. షరీఅత్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అంటే 30 గజాలు. మిగిలిన 210లో కుమారులకు చెరి 84, కుమార్తెకు 42. ఈ లెక్కలో వివాదానికి తావు లేదు. చిక్కంతా ఆ 42 గజాలకు ప్రభుత్వ కాగితంపై విడిగా చోటు దొరకడంలోనే ఉన్నది.

2020 ఆగస్టులో వచ్చిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, జీవో 131, అనుమతి లేని విభజనలకు ఒక దారి చూపింది. కానీ 2020 ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన దస్తావేజు ఉండాలన్నది. మరణం కటాఫ్ తేదీ చూసుకొని రాదు. ఆ తేదీ తరువాత తండ్రిని పోగొట్టుకొని ఇల్లు పంచుకున్న కుటుంబానికి ఆ తలుపు మూసుకుపోయింది. హిబా సంగతి మరీ విడ్డూరం. ముస్లింల హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన కేసులోనే 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయస్థానం చెల్లుతుందన్న దానిని పథకం కన్నెత్తి చూడలేదు.

ఇక కుటుంబానికి మిగిలే సులువైన దారి బిల్డర్. ఇల్లు కూల్చి, స్థలమంతా ఒకటిగా అప్పగిస్తే అపార్ట్‌మెంటుకు అనుమతి వస్తుంది. అతడు అదనంగా కట్టుకుంటే జరిమానాతో సరిపుచ్చడానికి 2007లో ఒక పథకం, 2015లో మరొకటి వచ్చాయి. ఈలోగా ఆ కుటుంబం అద్దెకు ఎక్కడికి పోవాలి? పేరు వినగానే ఇల్లు లేదనే యజమానులు మనకు కొత్త కాదు. ముస్లింలకు ఇల్లు అద్దెకు దొరకడం, కొనడం కష్టమవుతున్నదని 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది. బిల్డరు వద్దనుకుంటే అన్న ఇచ్చింది పుచ్చుకొని చెల్లెలు సంతకం పెట్టాలి. దానికి "హక్కు వదులుకోవడం" అని పేరు. నిజానికి ఆమె వదులుకోలేదు, వదులుకునేట్టు చేశారు.

ఇళ్ళను ముక్కలు చేస్తే రోడ్డు, డ్రైనేజీ తట్టుకోలేవని అధికారులు అనవచ్చు. అది పట్టించుకోవలసిన మాటే. కానీ నాలుగు వాటాలైన ఇంటి భారాన్ని మోయలేని గల్లీ, అదే స్థలంలో లేచిన పది ఫ్లాట్ల భారాన్ని ఎలా మోస్తున్నది? భారమే కొలమానమైతే ఇద్దరికీ ఒకే కొలత ఉండాలి.

అందుకే మేము అడుగుతున్నాము. వారసత్వ విభజనను లేఅవుట్ వ్యాపారం నుండి వేరు చేస్తూ ప్రత్యేక నిబంధన తేవాలి. దానికి కటాఫ్ తేదీ ఉండరాదు. విభజన దస్తావేజు, హిబా పత్రం ఆధారంగా ప్రతి వాటాకూ విడి ఇంటి నంబరు, విడి పన్ను ఖాతా ఇవ్వాలి. 75 గజాల లోపు స్థలంలో పై అంతస్తు ఒకటి దాటని ఇంటికి ఒక్క రూపాయి నమోదు చాలునని 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం చెప్పింది. ఆ సౌకర్యం వారసత్వంగా విడిపోయిన వాటాకూ వర్తిస్తుందని స్పష్టంగా రాయాలి. ఇది ముస్లింలకు మాత్రమే కావలసిన మేలు కాదు. తండ్రి ఇంట్లో వాటా ఉన్న ప్రతి కుమార్తెకూ, ఆమె ఏ మతస్థురాలైనా, ఇది కావాలి.

మన కుటుంబాలకూ ఒక మాట. పంపకాన్ని నోటిమాటగా వదలకండి. అక్కచెల్లెళ్ళ భాగాన్ని గజాల్లో కొలిచి, దస్తావేజు రాయించి, రిజిస్టర్ చేయించండి. ఇంట్లో మనమే ఆమెకు ఆ 42 గజాలు ఇవ్వకుంటే, ప్రభుత్వాన్ని అడిగే నోరు మనకెక్కడిది?