నరాల చదువు మనకెందుకు?

“నరాల సదువు పెద్ద డాక్టర్లు సదువుకుంటరు గదా బిడ్డా, మనకెందుకది? బీఈడీ చేసి సారు కొలువు సూసుకోరాదూ?” అని మొన్న సంక్రాంతికి పెన్‌పహాడ్ పోయినప్పుడు మా నాయిన అడిగిండు. డిగ్రీ అయినాక మానవ నాడీశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తానన్న నా మాటకు ఆయన జవాబది. ఆ పూట సరిగా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను ఇంటర్ చదివే రోజుల్లో నాయిన వరికి మందు కొట్టి వచ్చి గడపలోనే కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, నోటి వెంట చొంగ, కంటిపాపలు ఆవగింజలంత. దవాఖానలో అట్రోపిన్ సూదులిచ్చి బతికించారు. “మందు ఎక్కింది” అన్నారు ఊరివాళ్ళు. ఎక్కడికి ఎక్కింది? ఎట్లా ఎక్కింది? ఎవరూ చెప్పలేదు.

డిగ్రీలో తెలిసింది. 1921లో ఆటో లోవి అనే శాస్త్రజ్ఞుడు రెండు కప్ప గుండెలతో ప్రయోగం చేసి, నరం తన కబురును రసాయనంతో పంపుతుందని చూపించాడు. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్. కబురు అందగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఆ ఎంజైమ్‌నే కట్టిపడేస్తాయి. తూము మూసేవాడు లేక నీళ్ళు మడిని ముంచినట్టు, ఆ రసాయనం నరాన్ని ముంచేస్తుంది. పురుగు చచ్చేదీ అందుకే, మా నాయిన పడిపోయిందీ అందుకే.

ఇక నీళ్ళ సంగతి. 2016 దాకా మన సూర్యాపేట నల్లగొండ జిల్లాలోదే. ఆ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1955లోనే డాక్టర్ సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముక పెరిగి వెన్నుపామును నొక్కేస్తుంది, కాళ్ళు చచ్చుబడతాయి. ఎముకల జబ్బని మనం ఊరుకుంటాం. కానీ ఆ మనిషిని మంచాన పడేసింది నలిగిన నరమే కదా!

మరి ఇవన్నీ డాక్టర్లు చూసుకోరా అంటారేమో. పడిపోయి దవాఖానకు వచ్చినవాణ్ణి డాక్టరు చూస్తాడు. ఇంకా పడిపోనివాడి మాటేమిటి? ఇరవై ఏండ్లు కొద్దికొద్దిగా మందు పీల్చినవాడి జ్ఞాపకం, నిద్ర, మనసు ఏమవుతున్నాయో ఓపికగా కొలవాల్సింది శాస్త్రం. ఎలుకల మీద చేసిన ప్రయోగం దారి చూపుతుంది గాని, మా నాయిన చేతివణుకు లెక్క చెప్పదు. అందుకే నేను కోరేది ‘మానవ’ నాడీశాస్త్రం.

దారి సులువని చెప్పను. మెదడు నిర్మాణంతో పాటు ఈఈజీ, ఎమ్మారై, గణాంకాలు, కంప్యూటరు లెక్కలు కూడా నేర్వాలి. మనలో చాలామంది ఇంటర్‌తోనే లెక్కలకు దండం పెట్టినవాళ్ళం. ఎమ్మెస్సీ కాగానే కొలువు పిలవదు, పై పరిశోధనకు ఇంకా ఏళ్ళు పడతాయి. ఆ ఏళ్ళు ఇంటికి రూపాయి పంపలేనని తెలిసే నాయిన బీఈడీ అన్నాడు. ఆయన భయం తప్పు కాదు.

అయినా ఒక మాట. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నాడీ, జ్ఞానశాస్త్రాల కేంద్రముంది. బెంగుళూరులో నిమ్‌హాన్స్ ఉంది, మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రముంది. అక్కడ కూర్చునేవాళ్ళలో మందు డబ్బా మోసిన ఇంటి పిల్లలు కూడా ఉండాలి. లేకపోతే మన ఊరి ప్రశ్న అక్కడ ఎవరు అడుగుతారు? మన కాలేజీ కూడా బయాలజీ విద్యార్థులకు సాయంత్రం పూట లెక్కల తరగతులు పెట్టి, ప్రవేశపరీక్షల కబురు వేళకు నోటీసు బోర్డు మీద పెడితే చాలు, సగం దారి వేసినట్టే.

ఈసారి ఊరికి పోయినప్పుడు నాయినకు ముందు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఇస్తాను. ఆ తర్వాత చదువు సంగతి మాట్లాడతాను.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం