మరకకు కర్త ఎవరు?

ప్లాస్టిక్ ముక్కలతో కూర్చిన చిన్న యుద్ధ ట్యాంకుకు రంగులు వేసి, దానిమీద తుప్పు, బురద, మసి, గీరుళ్ళు కల్పించి, చెక్క పీఠం మీద నేలను, పైరును, మనుషులను అమర్చి ఒక దృశ్యంగా నిలబెట్టే విద్యను డయోరమా అంటారు. కొత్త బొమ్మకు వయసు తెచ్చే పనికి వెదరింగ్ అని పేరు. ఉద్యోగ విరమణానంతరం నేనూ ఈ వ్యసనంలో పడినవాడనే. జీవితమంతా పిల్లలకు కర్త, కర్మ, క్రియ అంటూ చెప్పిన నోరు కనుక, ఎంత గొప్ప పనితనం గల బొమ్మను చూసినా నాకు మొదట తోచే ప్రశ్న ఒక్కటే. ఈ మరక ఒక క్రియ వల్ల ఏర్పడినది. ఆ క్రియకు కర్త ఎవరు?

నేడు కనిపించే బొమ్మలలో అధిక భాగం ఈ ప్రశ్నకు బదులు చెప్పలేవని నా అభిప్రాయం. రంగు పొడులు, తుప్పు ద్రావణాలు, సిద్ధంగా సీసాలలో దొరికే బురద, అన్నీ సులభంగా లభిస్తున్నవి. కొన్నవన్నీ ఒకే ట్యాంకు మీద వాడవలెనన్న ఉబలాటం పెరిగింది. నగలన్నీ ఒకేసారి ధరించిన పెళ్ళికూతురిలాగా, తుప్పంతా ధరించిన ట్యాంకు మన ముందు నిలుస్తున్నది. ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు. ఆ మాట ఈ చిన్న కళకూ అక్షరాలా వర్తిస్తుంది.

ముందుగా లెక్క చూద్దాము. ఈ రంగంలో ఎక్కువగా వాడుకలో ఉన్న ప్రమాణం 1/35. అనగా బొమ్మ మీది ఒక మిల్లీమీటరు, నిజమైన ట్యాంకు మీద మూడున్నర సెంటీమీటర్లు. స్పాంజి ముక్కతో అద్దిన రెండు మిల్లీమీటర్ల రంగు పెచ్చు, అసలు ట్యాంకు మీద అరచేయంత మచ్చ అవుతుంది. అటువంటి మచ్చలు వంద ఉంటే ఆ ట్యాంకును ఎవరో సుత్తితో కొట్టి ఉండాలి. కొట్టినవారెవరు? నిజానికి రంగు ఊడేది మనిషి కాలూ చేయీ తగిలే చోట. సిబ్బంది ఎక్కి దిగే అంచున, మూత చుట్టూ, పనిముట్లు పెట్టి తీసే తావున. ఎవరూ తాకని నిలువు పలక మధ్యలో పెచ్చులు ఊడితే అది కర్త లేని వాక్యం.

తుప్పు విషయమూ అంతే. రంగు నిలిచి ఉన్నంతకాలం కవచానికి తుప్పు సులభంగా పట్టదు. మంటలలో కాలిన ట్యాంకు సంగతి వేరు. రంగు మాడిపోయి ఉక్కు బయటపడుతుంది గనుక కొద్ది రోజులలోనే ఎర్రబారుతుంది. కనుక తుప్పు వేసేవాడు ముందు తేల్చుకోవలసినది ఏ సీసా కొనాలన్నది కాదు, ఈ ట్యాంకు బ్రతికి ఉన్నదా చచ్చిపోయినదా అన్నది.

ఒక నిజమైన సందర్భాన్ని తీసుకుందాము. 1965 సెప్టెంబరు 8 నుండి 10 వరకు పంజాబులో ఖేమ్‌కరణ్ సమీపాన అసల్ ఉత్తర్ వద్ద పెద్ద ట్యాంకుల పోరు జరిగింది. పాకిస్తాన్ సేన అమెరికా తయారీ ప్యాటన్ ట్యాంకులతో వచ్చింది. మనవారు గుర్రపు నాడా ఆకారంలో మోహరించి, పొలాలను నీటితో నింపి, చెరకు తోటలలో పొంచి ఉన్నారు. నిజాం కాలపు అశ్వికదళాలలో మూలాలున్న డెక్కన్ హార్స్ రెజిమెంటు అక్కడ షెర్మన్ ట్యాంకులతో పోరాడింది. హైదరాబాదు పేరుతో ఆ మట్టికి అంతటి బంధుత్వమైనా ఉన్నది.

ఈ పోరులోని ప్యాటన్‌కు వయసు తేవాలంటే నేలను అడగాలి. కింద చక్రాల వద్ద తడి బురద, నల్లగా మెరుస్తూ. దాని పైన నిన్నటి బురద, ఎండి పాలిపోయి. ఇంకా పైన దారి దుమ్ము. అడుగు నుండి పైకి చదివితే మూడు రోజుల కథ తెలియాలి. ఎం 48 రకపు ట్రాకులకు నేలను ఆనే చోట రబ్బరు ఉంటుంది. రబ్బరు తుప్పు పట్టదు, వెండిలా మెరవదు. మెరిసేది దాని అంచులనున్న ఉక్కు కొక్కెములే. పైగా అది దాదాపు 45 టన్నుల బరువు. తడిసిన పొలంలో అది దిగబడవలసిందే. చాలా డయోరమాలలో ట్యాంకు తివాచీ మీది పిల్లివలె నేలపై తేలుతూ కనిపిస్తుంది. ఎంత తుప్పు పూసినా ఆ లోపం కప్పబడదు.

ఇక కూర్పు. ట్యాంకును పీఠపు అంచుకు సమాంతరంగా పెట్టరాదని, కాస్త ఏటవాలుగా నిలపవలెనని పెద్దలు చెబుతారు. మంచి మాటే. కాని కూర్పుకు మూలం అది కాదు, ఎవరి కంటికి ఎవరు కనబడుతున్నారన్నది. ప్యాటన్ ఎత్తు సుమారు మూడు మీటర్లు, బొమ్మలో తొమ్మిది సెంటీమీటర్లు. ఎదిగిన చెరకు ఏడెనిమిది సెంటీమీటర్లు. జీపు ఐదు. అంటే ట్యాంకు బురుజు చెరకు పైన కనబడుతుంది, జీపు కనబడదు. హవల్దార్ అబ్దుల్ హమీద్ 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ తుపాకీ అమర్చిన జీపు నుండి ప్యాటన్‌లను ఛేదించి, సెప్టెంబరు 10న నేలకొరిగాడు. మరణానంతరం పరమవీరచక్ర పొందాడు. ఆ రోజు కథలో సగం ఈ కొలతలలోనే ఉన్నది. జీపును ఒక మూలన పైరులో అణచి, ట్యాంకును దూరపు మూలన నిలిపి, నడుమ చోటును ఖాళీగా వదలండి. ఆ ఖాళీయే దృశ్యానికి నాయకుడు. దూది పొగ, ఎర్ర కాగితపు మంట అక్కరలేదు. కదలని బొమ్మకు తగినది, తుపాకీ పేలిన క్షణం కాదు, పేలబోయే ముందరి క్షణం.

బొమ్మ చిన్నది, దానిపై పడే వెలుగు మాత్రం చిన్నది కాదు, కనుక నీడలను, మరకలను కొంత పెంచి చూపకపోతే కంటికి ఆనవు అని వాదించేవారున్నారు. ఆ వాదాన్ని నేను కాదనను. అతిశయోక్తి అలంకారమే కదా! కాని అతిశయోక్తికీ ఒక ఆధారం ఉండాలి. ఉన్నదానిని పెంచి చెప్పడం అలంకారం. లేనిదానిని పూసి చూపడం అబద్ధం.

ఇంతగా పట్టింపు ఎందుకు, ఆటబొమ్మే కదా అని మిత్రులు అడగవచ్చు. ఆ ఎం 48 ట్యాంకులో నలుగురు మనుషులు కూర్చుంటారు. కాలిన ట్యాంకును అందంగా ఎర్రబరచినప్పుడు, ఆ ఎరుపు ఎవరి చావు వల్ల వచ్చినదో చేసేవాడికి తెలిసి ఉండాలి. వారు మనవారైనా, ఎదుటివారైనా సరే. తెలిసిన చేయి తుప్పును అదుపులో ఉంచుతుంది, తెలియని చేయి దానిని సొగసుగా మారుస్తుంది. యుద్ధాన్ని సొగసు చేయడం సులభం, అందుకే అది చేయరాని పని. కర్త లేని మరక వేసినవాడు, ఆ కర్తను మరచిపొమ్మని చూసేవాడికి కూడా చెబుతున్నాడు.

కనుక ఈ విద్యలో ఉన్నవారికి, కొత్తగా దిగబోయేవారికి నా విన్నపం ఇదే. కుంచె పట్టే ముందు ఒక కాగితం తీసుకుని, ఈ వాహనం ఏ ఊరిలో, ఏ నెలలో, ఎన్నవ రోజున ఉన్నదో, అందులో ఎవరున్నారో నాలుగు వాక్యాలలో వ్రాసుకోండి. ఆ వాక్యాలలో చోటు దొరకని మరక బొమ్మ మీద కూడా ఉండనక్కరలేదు. విజ్ఞులు అన్యథా భావిస్తే చెప్పగలరు, సంతోషంగా వింటాను.