రేకపల్లి కొండలలో మఱచిన యుద్ధము

సేనల చరిత్ర యనగానే చదువరులకు పానిపట్టు, తళ్ళికోట, ప్లాసీ జ్ఞప్తికి వచ్చును. రాజులు, ఏనుగులు, ఫిరంగులు కన్నులకు గట్టును. కాని భద్రాచలమునకు దిగువ, కూనవరము కడ శబరి నది గోదావరిలో గలియు నడవులలో నొక యుద్ధము జరిగెను. దానిని విన్నవారు తెలుగువారిలోనే మిక్కిలి తక్కువ.

1879వ సంవత్సరము బ్రిటిషు సేనలకు గడ్డుకాలము. ఆ జనవరిలో దక్షిణాఫ్రికాయందు ఇసాండ్ల్వానా కడ జూలూ వీరులు ఈటెలతో నొక బ్రిటిషు దండును తుడిచిపెట్టిరి. ఆఫ్ఘనిస్థానములో మఱియొక యుద్ధము సాగుచుండెను. ఆ రెండింటిని గూర్చి గ్రంథములు పెక్కు గలవు. ఆ యేడే మార్చి నెలలో గోదావరి మన్యమందలి రంపసీమలో తిరుగుబాటు పుట్టెను. అది ఏప్రిలులో విశాఖపట్టణపు గొలుగొండ కొండలకును, జులైలో భద్రాచలము తాలూకాలోని రేకపల్లి సీమకును ప్రాకెను.

ఊరక యెవరును ఆయుధము పట్టరు. కొండవారికి జీలుగుకల్లు విలాసము గాదు, ఆహారము. ఇంటి వాడుకకు దానిని గీచుకొనుట వారికి తాతలనాటి హక్కు. ప్రభుత్వము కల్లును గుత్తకిచ్చెను. రంప మన్సబుదారు దానిపై 'చిగురుపన్ను' గూడ మోపెను. మైదానపు వర్తకులు అప్పుపత్రములు చూపి, కొండవారు చేరలేని దూరపు కోర్టులలో తీర్పులు పొంది, వారి పశువులను, ధాన్యమును జప్తు చేయించిరి.

రేకపల్లివారి బాధ వేఱు. వారిది పోడు సేద్యము. అడవిలో నొక తావున చెట్లు నఱికి కాల్చి, ఆ బూడిదలో విత్తనము చల్లి, కొన్నేండ్లకు మఱియొక తావునకు పోవుదురు. ఈ సీమ 1860 వఱకు నిజాముది. పిమ్మట బ్రిటిషువారి మధ్యపరగణాలలో చేరెను. 1874లో మదరాసు ప్రభుత్వము క్రిందికి వచ్చెను. మధ్యపరగణాలలో నున్నపుడు గొడ్డలికి నాలుగణాలు పన్ను చెల్లించిన చాలును. మదరాసు ప్రభుత్వము దానిని సుమారు మూడు రెట్లు చేసి, కొన్ని తావులలో పోడునే నిషేధించెను. ప్రభువులు మాఱిరి, పటములు మాఱెను; గొడ్డలియే బ్రదుకుగా గలవాని నడిగినవారు లేరు.

అంబుల్ రెడ్డి, తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మున్నగువారు నాయకులైరి. చంద్రయ్య అడ్డతీగల పోలీసు ఠాణాను తగులబెట్టెను. వీరి నణచుటకు వచ్చిన బలము నెన్నిన నాశ్చర్యము గలుగును. పొరుగు జిల్లాలనుండి వందలకొలది పోలీసులు, మదరాసు కాల్బలములో నాఱు పటాలములు, గుఱ్ఱపు దళము, దారులు వేయు సాపర్లు రెండు కంపెనీలు, హైదరాబాదు కంటింజెంటు సైనికులు దిగిరి. అయినను 1880 చివరివఱకు పోరు చల్లాఱలేదు. బాటలు లేని కొండలును, మన్యపు జ్వరమును కొండవారికి కోటగోడలయ్యెను. తుపాకి యెక్కువగా నున్నవాడే గెలుచుననుట యెల్లచోట్ల సత్యము గాదు. నేల నెఱిగినవాని బలమును సేనాపతులు లెక్కింపవలెను.

ఇది యుద్ధము గాదు, వట్టి దోపిడి, 'పితూరీ' మాత్రమే యని కొందఱు వాదింతురు. తిరుగుబాటుదారులు ఠాణాలు కాల్చిన మాటయు, ప్రాణములు తీసిన మాటయు నిజమే. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. కాని వట్టి దొంగలపైకి ఆఱు పటాలములను పంపువారెవరు? పోరు ముగిసిన పిమ్మట ప్రభుత్వమే మన్సబుదారును తొలగించి, ముఠాదారులతో నేరుగా నొడంబడికలు చేసికొని, ఇంటి వాడుకకు కల్లు గీచుకొనుటకు అనుమతి నిచ్చెను. నేరము కొండవారిదే యైనచో నీ సవరణలు చేయనేల? ముందే వారి మొఱ వినియుండిన, ఇంత రక్తము చిందకపోవును గదా!

ఇందు మఱియొక విషాదము గలదు. మదరాసు పటాలములలో తెలుగు సిపాయిలెందఱో యుండిరి. మైదానపు తెలుగువాడు జీతమునకై తుపాకి పట్టి కొండమీది తెలుగుసీమపైకి నడచెను. జ్వరముతో కూలిన సిపాయియు, గుండు తగిలి పడిన కొండరెడ్డియు ఒకే గోదావరి నీరు త్రాగినవారు. ఇరువురి పేళ్ళును మనకు దక్కలేదు.

1922లో అల్లూరి సీతారామరాజు మన్యమున లేవదీసిన పోరాటమును ఎల్లరెఱుగుదురు. దానికి 43 ఏండ్ల ముందే ఆ కొండలు మేలుకొనినవని యెఱిగిననే ఆ వీరుని వెంట అంతమంది యేల నడచిరో బోధపడును. అడవి ఆంక్షలపై కొండవారి మొఱ అప్పటికిని తీఱలేదు. మొదటి పోరు నేర్పిన పాఠమును మఱచుటచేతనే పాలకులు రెండవ పోరును కొనితెచ్చుకొనిరి.

కావున సేనల చరిత్ర గెలుపోటముల పట్టికగా మాత్రమే మిగులరాదు. ఏ సేన యెచ్చటికి నడచెననుటతోబాటు, అది నడువవలసిన యవసరమేల కలిగెనని గూడ అడుగవలెను. ఆ ప్రశ్న నేర్చిన విద్యార్థికి రేకపల్లి కొండలు పానిపట్టు మైదానమునకు తీసిపోవు.