దారి కబుర్లు: ఉత్తరాన కంకర దారి

ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ మనం మైసూరు, తంజావూరు, పర్లాకిమిడి దాటి పెద్దగా పోలేదు. ఈసారి మాత్రం ఆర్కిటిక్ వలయం దాకా వెళ్ళి రావలసి వచ్చింది. నేను వెళ్ళలేదు లెండి, నా మోకాళ్ళు ఒప్పుకోవు. వెళ్ళింది మా మేనల్లుడు.

చదువరుల ఇళ్ళలో చాలావాటిలో ఇప్పుడొక పిల్లో పిల్లాడో కెనడాలో ఉంటున్నారు. వెళ్ళిన కొత్తలో చదువు, ఉద్యోగం, చలి, వంట వీటితోనే సరిపోతుంది. రెండు మూడేళ్ళకు కాస్త కుదురుకుంటారు. అప్పుడొక వేసవిలో ఫోను చేసి, "బండి మీద ఉత్తరానికి వెళ్ళొస్తా" అంటారు. ఉత్తరం అంటే మనకు తెలిసింది కాశీ, బదరీ. వాళ్ళనే ఉత్తరం వేరు. మా అక్కయ్య బెంగుళూరు నుంచి రాత్రి పదింటికి ఫోను చేసి, "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు చెప్తే వింటాడు, వద్దని చెప్పరా" అంది. వద్దనే ముందు అసలా దారేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. తెలుసుకున్నకొద్దీ వద్దనే మాట వెనక్కి పోయి, ఎలా వెళ్తావన్న ప్రశ్నలు ముందుకొచ్చాయి.

దారి పేరు డెంప్‌స్టర్ హైవే. హైవే అనగానే మన కృష్ణగిరి రోడ్డులా ఊహించుకోకండి. కెనడా వాయవ్య కొసన యూకాన్ అనే ప్రాంతంలో, ఒకనాటి బంగారు వేటకు పేరుపడ్డ డాసన్ పట్నానికి 40 కిలోమీటర్ల అవతల మొదలై, ఇనూవిక్ అనే ఊరి దాకా సుమారు 736 కిలోమీటర్లు పోతుంది. దాదాపు అంతా కంకరే. 1959లో పని మొదలుపెట్టి, డబ్బు చాలక మధ్యలో ఏళ్ళ తరబడి ఆపి, చివరికి 1979 ఆగస్టులో ప్రారంభించారు. 2017 నవంబరులో ఇనూవిక్ నుంచి ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ఉన్న టక్టోయాక్‌టక్ దాకా మరో 138 కిలోమీటర్లు కంకర రోడ్డు తెరిచారు. అంతకుముందు ఆ ఊరికి బండి మీద పోవాలంటే చలికాలంలో గడ్డకట్టిన నది మీద, సముద్రం మీద వేసే మంచు దారే గతి.

అంత డబ్బున్న దేశం తారు ఎందుకు వెయ్యలేదని బావగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ నేల అడుగున ఏడాది పొడవునా కరగని మంచు ఉంటుంది. పైన నాచు, పీచుమట్టి దుప్పటిలా కప్పి దాన్ని కాపాడుతూ ఉంటాయి. ఆ పొర గీకేసి రోడ్డు వేస్తే ఎండ తగిలి అడుగు మంచు కరిగి, రోడ్డు గోతుల్లోకి కుంగిపోతుంది. అందుకని నేలను తవ్వకుండా దాని మీదే మనిషెత్తు వరకూ కంకర పోసి, ఆ కట్ట మీద దారి నడిపించారు. అంటే కంకర ఒక్క బళ్ళ కోసమే కాదు, కింది మంచుకు మరో దుప్పటి కూడా. తారైతే నల్లగా వేడి పీలుస్తుంది, నేల కదిలితే బీటలు వారుతుంది. కంకర కుంగితే మరో నాలుగు లారీలు పోసి చదును చేసుకోవచ్చు.

ఇక బండి సంగతి. మావాడిది కవాసాకి కేఎల్‌ఆర్ 650. ట్యాంకులో 23 లీటర్లు పడుతుంది. ఈ అంకె నేనెందుకు రాస్తున్నానంటే, కంకర దారి ఎక్కాక పెట్రోలు మళ్ళీ ఈగిల్ ప్లెయిన్స్ అనేచోటే దొరికేది. డాసన్ నుంచి అక్కడికి 400 కిలోమీటర్లకు పైన. కంకర మీద అప్పటిదాకా ఒక్క బంకు లేదు, టీ బడ్డీ లేదు, సెల్‌ఫోను సిగ్నలు లేదు. ఎదురుగాలి వేస్తే బండి మరింత తాగుతుంది. అందుకని అయిదు లీటర్ల డబ్బా ఒకటి వెనక కట్టుకున్నాడు. టైర్లు పళ్ళున్న రకం వేయించాడు. ఆ కంకరలో కొన్నిచోట్ల రాళ్ళు పలకల్లా చీలి కత్తి అంచుల్లా ఉంటాయట. పంక్చర్ వేసే సామాను, గాలి పంపు, అదనపు ట్యూబులు, వీటికే ఒక సంచీ. హోసూరు బస్టాండు వెనక పంక్చర్ షాపులో కూర్చుని నేర్చుకున్న విద్య అక్కడ అక్కరకొచ్చిందని నవ్వాడు. ఇంజనీరింగు డిగ్రీ ఎందుకు కొరగాలేదో వాడే చెప్పాలి.

దుమ్ము లేవకుండా ఆ రోడ్డు మీద కాల్షియం క్లోరైడు అనే ఉప్పు చల్లుతారు. పొడిగా ఉన్నప్పుడు రోడ్డు గట్టిగా, హాయిగా ఉంటుంది. వాన పడిందా, సబ్బు రాసిన బండలా తయారవుతుంది. ఎదురుగా పెద్ద లారీ వస్తే వేగం తగ్గించి అంచుకు జరిగి, రాళ్ళ వాన వెలిసేదాకా తల వంచుకోవడమే.

వాడున్న కాల్గరీ నుంచి డాసన్‌కే సుమారు 2,800 కిలోమీటర్లు. అదంతా తారు రోడ్డే కనుక ఇక్కడ చెప్పేదేం లేదు. జులైలో డాసన్ దాటి కంకర ఎక్కిన మొదటి రాత్రి టూమ్‌స్టోన్ కొండల దగ్గర గుడారం వేశాడు. నల్లటి రాతి శిఖరాలు, కింద చెట్టన్నది లేని పచ్చటి మైదానం, అక్కడక్కడా ఊదా రంగు అగ్నికలుపు పూలు. ఆ పువ్వుకు మన పేరు లేదు, ఇంగ్లీషు పేరును నేనే ఇలా అన్నాను. ప్రభుత్వ విడుదుల్లో రుసుము కడితే కట్టెలు ఊరికే ఇస్తారు. దోమలు మాత్రం మన చిలికా ఒడ్డు దోమల్ని మరిపించాయట.

దోమల కన్నా పెద్ద చుట్టం ఎలుగుబంటి. అక్కడ గ్రిజ్లీ అనే పెద్ద జాతి ఉంది. దాని ముక్కు అసాధ్యం. వంట ఒకచోట, పడక ఒకచోట, తిండి మూడోచోట ఉండాలి. తిండి అంటే అన్నం కూరలే కాదు, పళ్ళపొడి, సబ్బు, తలనూనె కూడా. అన్నీ ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టి గుడారానికి వంద అడుగులు వేసిన దూరంలో వదలాలి. అక్కయ్య పంపిన గోంగూర పచ్చడి సీసా కూడా ఆ డబ్బాలోకే పోయింది. నాలుగు గుడ్డలు చుట్టినా ఆ ఘాటు దాగేది కాదు కదా!

రెండోనాడు ఓగిల్వీ కొండల మీదుగా, ఇనుప తుప్పు రంగు పట్టిన వాగుల పక్క నుంచి ఈగిల్ ప్లెయిన్స్ చేరాడు. ఒక హోటలు, ఒక బంకు, టైర్లు బాగుచేసే చోటు. ఊరంతా అంతే. అక్కడే చిక్కు వచ్చింది. అవతల రిచర్డ్‌సన్ కొండల్లో గాలివాన. ఉత్తరానికి రోడ్డు మూసేశారు. వాడికి ఉన్న సెలవు లెక్కపెట్టిన సెలవు. ఒక రోజు పోతే ఇనూవిక్ కష్టం, రెండు రోజులు పోతే సముద్రం మాట మరచిపోవడమే. పక్క గుడారంలో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు తెల్లవారుజామున గేటు పక్క నుంచి జారుకుందామని పిలిచారట. మావాడు వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, "హోటల్లో గోడ మీద పాత ఫొటోలు చూశాను మామయ్యా" అన్నాడు.

ఆ ఫొటోల కథే ఈ దారి పేరు వెనక కథ. రోడ్డు లేని రోజుల్లో పోలీసులు కుక్కలు లాగే బళ్ళ మీద డాసన్‌కూ, పీల్ నది ఒడ్డున ఉన్న ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌కూ మధ్య ఏటా చలికాలంలో టపా మోసేవారు. 1910 డిసెంబరు 21న ఇన్‌స్పెక్టరు ఫ్రాన్సిస్ ఫిట్జెరాల్డ్ మరి ముగ్గురితో, పదిహేను కుక్కలతో ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ నుంచి బయల్దేరాడు. త్వరగా చేరి పేరు తెచ్చుకోవాలని బరువు తగ్గించి, తిండి తక్కువ తీసుకున్నాడు. దారి చూపడానికి నమ్ముకున్న కార్టర్ నాలుగేళ్ళ కిందట ఒకే ఒక్కసారి, అదీ ఎదురు దిక్కు నుంచి, ఆ దారిన నడిచినవాడు. మధ్యలో కొద్ది రోజులు ఆ నేల బిడ్డ, గ్విచిన్ జాతి మనిషి ఒకాయన తోడుగా వచ్చి దారి చూపాడు. ఇక అక్కరలేదని ఆయన్ని పంపేశారు.

కొండ దాటించే వాగు ఏదో కార్టర్‌కు దొరకలేదు. రోజుల తరబడి వెతికారు. జనవరి 18న వెనక్కి తిరిగారు. తిండి అయిపోయి ఒక్కో కుక్కనే చంపుకు తిన్నారు. బయల్దేరిన ఊరికి ఇద్దరు 55 కిలోమీటర్ల దూరంలో, ఇద్దరు 40 కిలోమీటర్ల దూరంలో చనిపోయారు. ఫిట్జెరాల్డ్ బొగ్గుముక్కతో వీలునామా రాసి పెట్టుకున్నాడు. ఫిబ్రవరి చివర డాసన్ నుంచి వెతకబోయిన కార్పొరల్ డెంప్‌స్టర్ మార్చి 21, 22 తేదీల్లో వాళ్ళ శవాలను కనిపెట్టాడు. ఆయన వెంట గ్విచిన్ దారిచూపరి చార్లీ స్టూవర్ట్ ఉన్నాడు. రోడ్డుకు పెట్టింది డెంప్‌స్టర్ పేరు. నన్నడిగితే ఆ బోర్డు మీద చార్లీ స్టూవర్ట్‌కూ చోటుండాలి. మనలాగా తరాలుగా పరాయి భాషల మధ్య బతికినవాళ్ళకు, దారి ఎవరిని అడగాలో, ఎవరికి తెలుస్తుందో, ఇంకొకరు చెప్పక్కరలేదు.

మావాడు రెండు రాత్రులు ఆగాడు. జారుకున్న కుర్రాళ్ళు ఆర్కిటిక్ వలయం దాటకముందే బురదలో బండి పడేసి, రోడ్డు పనివాళ్ళ ట్రక్కులో తిరిగొచ్చారు. దెబ్బలేం తగల్లేదు, సంతోషం.

దారి తెరిచాక 405వ కిలోమీటరు దగ్గర వలయం బోర్డు దాటాడు. అక్కడి నుంచి వేసవిలో సూర్యుడు అస్తమించని రోజులుంటాయి. ఇనూవిక్‌లో ఏటా యాభై రోజులకు పైన అదే వరస. కళ్ళకు తువ్వాలు కట్టుకుని పడుకున్నాడట. అది విని అక్కయ్య అడిగిన మొదటి ప్రశ్న: "మరి సాయంత్రం దీపం ఎప్పుడు పెడతారు?" నాకు జవాబు తోచలేదు.

పీల్ నదిని పంటు మీద దాటాలి. మన యానాం చదువరులకు పంటు అంటే వేరే చెప్పనక్కరలేదు. ఇది నదికి అడ్డంగా కట్టిన ఇనుప తాడు పట్టుకుని నడుస్తుంది, డబ్బులు తీసుకోరు. చలికాలంలో గడ్డకట్టిన నది మీదే బళ్ళు పోతాయి. మంచు కట్టే రోజుల్లో, విరిగే రోజుల్లో ఏదీ ఉండదు. ఉత్తరాన ఉన్న ఊళ్ళు అప్పుడు ఈ దారికి అందవు.

అవతలి ఒడ్డున ఫోర్ట్ మెక్‌ఫెర్సన్. ఏడు వందల జనం లోపు, ఎక్కువమంది గ్విచిన్‌లే. అక్కడి చర్చి పక్కన ఆ నలుగురి సమాధులు చూసి, బండి వెనక్కి తిప్పాడు. ఇనూవిక్‌కు ఇంకా 186 కిలోమీటర్లు, సముద్రానికి ఆపైన 138. వెనక టైరు పళ్ళు అరిగాయి, సెలవు నాలుగు రోజులే మిగిలింది.

"అంత దూరం పోయి సముద్రం చూడకుండా వచ్చాడా, డబ్బు దండగ!" అని బావగారు. ఈ మాట నాకు నచ్చలేదు, ఆయనతో చెప్పాను కూడా. ఆయన రెండు రోజులు ఫోను ఎత్తలేదు. నాకు విచారమల్లా వాడు ఇనూవిక్ మసీదు చూడలేదని. ఆ ఊళ్ళో ఉన్న కొద్దిపాటి ముస్లిం కుటుంబాలకు ప్రార్థనకు చోటు చాలక, 2010లో విన్నిపెగ్‌లో చిన్న మసీదు కట్టించి, లారీ మీదా ఆపైన నది పడవ మీదా 4,000 కిలోమీటర్లు తెప్పించుకున్నారు. సంఘానికి హాలు కట్టుకోవడంలో పడ్డ పాట్లు తెలిసినవాళ్ళం కనుక మనకు ఆ కథ ఇట్టే అర్థమవుతుంది.

మీ పిల్లలు కూడా ఇలాంటి దారికి వెళ్తామంటే నేనడిగినవే అడగండి. ట్యాంకులో ఎంత పడుతుంది? టైరు నువ్వే విప్పగలవా? ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం అద్దెకైనా తీసుకున్నావా? అది ఉంటే రోజుకొక్క మాట ఇంటికి చేరుతుంది. లేకపోతే రెండు రోజులు కబురు రాకపోవడం అక్కడ మామూలే, ఇక్కడ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆగవలసి వస్తే ఆగడానికి సెలవు మిగుల్చుకున్నావా అని అడగండి.

మావాడు వచ్చే జులైకి మూడు వారాల సెలవు ముందే అడిగిపెట్టుకున్నాడు. అక్కయ్య వద్దనలేదు. గోంగూర మాత్రం ఈసారి ప్లాస్టిక్ డబ్బాలో పంపుతానంటోంది.