పోర్ట్రెయిట్‌కు రబ్బరు అక్కర్లేదు

మన పిల్లలకు పోర్ట్రెయిట్ నేర్పడం చాలాచోట్ల ఒకే మూసలో సాగుతోంది. ఫొటో మీద గళ్లు గీస్తారు, కాగితం మీదా అన్నే గళ్లు గీస్తారు, ఈ గడిలో ఉన్నదాన్ని ఆ గడిలోకి ఎక్కిస్తారు. తప్పు పోతే రబ్బరు ఉంది. బుగ్గ నునుపు తేలాలంటే పెన్సిల్ పొడిని వేలితోనో దూదితోనో రుద్దుతారు. చివరికి ఫొటోను పోలిన బొమ్మ వస్తుంది, ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. ఆ పిల్ల మాత్రం అంతసేపూ చూసింది గళ్లనే, మనిషి ముఖాన్ని కాదు. ముఖం గీయడం నేర్చుకునేవాళ్లు తొలి నెలల నుంచే ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూ, పెన్సిల్ ఆసరా లేకుండా, నేరుగా పెన్నుతో గీయాలన్నది నా వాదన. దానికి ఖరీదైన డ్రాయింగ్ పెన్నులు అక్కర్లేదు, జేబులో ఉండే బాల్‌పెన్ చాలు.

రబ్బరు దగ్గరుంటే కన్ను తొందరపడుతుంది. సుమారుగా ఒక గీత గీస్తాం, నచ్చకపోతే చెరిపి మళ్లీ సుమారుగానే ఇంకొకటి గీస్తాం. కాగితం మారుతుంది, చూపు మారదు. పెన్ను పట్టినప్పుడు ఆ వెసులుబాటు ఉండదు కాబట్టి గీతకు ముందే కొలత తేల్చుకోవాలి. రెండు కళ్ల మధ్య ఎడమెంత, ముక్కు దానికంటే వెడల్పా, నోటి కొస కంటిలో ఏ భాగానికి సూటిగా కిందికి వస్తోంది? తల మొత్తం ఎత్తులో కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. కొత్తవాళ్లు నుదుటిని కుదించి వాటిని పైకి తోసేస్తుంటారు. పెన్సిల్‌తో ఆ తప్పు ఎందుకు వచ్చిందో తెలియకుండానే చెరిగిపోతుంది. పెన్నుతో అది కళ్లెదుటే ఉండి రెండో బొమ్మకు దారి చెబుతుంది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ఇరవై ఏళ్ల వయసులో, 1491 ప్రాంతంలో, చేతికి తల ఆనించుకున్న తన ముఖాన్ని పెన్నుతో గీసుకున్నాడు. ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్న ఆ బొమ్మలో అందంగా కనబడాలన్న తాపత్రయం ఏ కోశానా లేదు, ఉన్నదల్లా తదేకమైన చూపు. రెంబ్రాంట్ పెన్ను బొమ్మల్లో పల్చని తొలి గీత పక్కనే దాన్ని దిద్దిన మందపాటి గీత కనిపిస్తుంది. కొన్నిచోట్ల ఆయన తెల్లరంగు పూసి కప్పిన మాట నిజమే. కానీ కప్పకుండా వదిలేసిన గీతలే ఆ ముఖాలకు కదలికనిచ్చాయి.

ఇక ఏ పెన్ను? పెన్సిల్‌కు దగ్గరి చుట్టం బాల్‌పెన్. తేలిగ్గా ఆనిస్తే బూడిదరంగు గీత, నొక్కితే నిండు గీత వస్తుంది. దాని చిక్కటి నూనె సిరా చేతి బరువును పట్టి పలుకుతుంది. అందువల్ల కొలతలు తేల్చుకునే తొలి గీతలను కంటికి ఆననంత పల్చగా వేసి, ఖాయం అనుకున్నాకే ముదురు చేయవచ్చు. మొనకు చేరే సిరా ముద్దను మధ్యమధ్య చిత్తుకాగితానికి తుడుచుకుంటే సరిపోతుంది. జెల్ పెన్‌తో ఇది కుదరదు. ఎంత మెల్లగా ఆనించినా నల్లగానే పడుతుంది, పైగా ఆరేలోపు చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. పిల్లలు మోజుపడే మైక్రాన్ తరహా ఫైన్‌లైనర్లలో సిరా గట్టిది, నీటికి చెదరదు, ఏళ్లు గడిచినా నిలుస్తుంది. అయితే 01 సంఖ్య పెన్ను 0.25 మిల్లీమీటర్ల గీతే ఇస్తుంది, నొక్కితే మొన అణగడం తప్ప గీత పెద్దగా లావెక్కదు. చేతిలో పట్టు లేనివారు దానితో ముఖం గీస్తే తీగ వంచి చేసినట్టుంటుంది. ఇంకు పెన్ను రెండో మెట్టు. మామూలు ఇంకుతో గీసి తడి కుంచె ఆనిస్తే బుగ్గకింద నీడ దానంతటదే పరుచుకుంటుంది. ఇండియన్ ఇంకును మాత్రం అందులో పోయకూడదు, ఆ ఇంకులోని లక్క ఎండి పెన్ను మూసుకుపోతుంది. దానికి ముంచి రాసే పాళీయే తగినది. పెన్ను ఏదైనా, పసివాళ్ల ముఖాల్లో వేసే ప్రతి అదనపు గీతా వాళ్ల వయసు పెంచుతుంది. ముసలివారి ముఖాలతో మొదలుపెట్టమనేది అందుకే: అక్కడ గీత ఎక్కువైనా ముఖం ఓర్చుకుంటుంది.

చేయి తిరిగినవాళ్లే ముందు పెన్సిల్‌తో వేసుకుంటారు కదా అని కొందరంటారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కూడా చింతబొగ్గుతో ఆకారం వేసుకున్నాకే వెదురు కలం పడతారు. నిజమే. కానీ ఆ బొగ్గు గీత కూర్పు కోసం, నిడుపాటి గుడ్డ మీద ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చుకోవడానికి. కన్ను, ముక్కు, పెదవి ప్రాణం పోసుకునేది కలం గీతలోనే, అక్కడ చెరపడం లేదు. పత్రికల్లో లైన్ బ్లాకుల కాలాన్ని కూడా గుర్తుచేసుకోవాలి. ఆ బ్లాకు నలుపును అచ్చువేస్తుంది, తెలుపును వదిలేస్తుంది, మధ్యలో బూడిదరంగు దానికి తెలియదు. రుద్ది దాచే నీడలకు తావులేని ఆ అచ్చు కోసం గీసీ గీసీ మన చిత్రకారుల గీత పదునెక్కింది. నాలుగు గీతల్లో మనిషి స్వభావం చెప్పిన బాపు పెరిగిన వాతావరణం అదే.

పిల్లలు జంకుతారన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. పోలిక కుదరక ఏడ్చే పిల్లలుంటారు. జంకుకు మూలం పెన్నులో కన్నా, ఒక్క బొమ్మతోనే మెప్పు సంపాదించాలన్న ఒత్తిడిలో ఎక్కువ ఉంది. మూడు గంటలు ఒక్క ముఖాన్ని చెరుపుతూ కూర్చునే బదులు అదే వేళలో పది ముఖాలు గీయనిస్తే, రెండు పాడైనా బెంగ ఉండదు. బాల్‌పెన్ సిరా వెలుతురుకు వెలిసిపోతుందన్నదీ వాస్తవమే. వెలిసే గుణం బాల్‌పెన్ ఒక్కదానిదే కాదు, వాన్ గో 1888లో ఆర్ల్‌లో గీసిన బొమ్మల్లోనే కొన్నింటి సిరా వెలిసి గోధుమరంగుకు తిరిగింది. గోడకెక్కించే బొమ్మకు నిలిచే సిరా వాడాల్సిందే. అభ్యాసపు కాగితానికి ఆ నియమం అక్కర్లేదు. పోటీలు నడిపేవారు ఫొటో నకళ్ల పక్కన ఇంకొక విభాగం పెట్టవచ్చు: ఎదురుగా ఒక మనిషి, ఇరవై నిమిషాలు, ఒక బాల్‌పెన్, మూడు కాగితాలు. మూడింటినీ కలిపి మార్కులు వేయాలి, మొదటి దానికీ మూడో దానికీ మధ్య చూపు ఎంత సాగిందో చూసి.