కోడ్ పంపేశాం, మరి విన్నారా?

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ఇప్పటికీ అదే రికార్డు. 2022 జులైలో 71.3 అడుగులు. చివరిదైన మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. ఇక మీరే ఊహించుకోండి!

ఆ రెండు వరదలూ చూసిన మా అమ్మమ్మతో, దుమ్ముగూడెం వైపు ఆమె ఈడు వాళ్లు ఇంకో నలుగురితో మాట్లాడించి, ఫోన్‌లో రికార్డు చేసి, రెండు గంటల ఆడియో పుస్తకం చేశాను. ఎడిటర్ నేనే, పబ్లిషర్ నేనే. అప్‌లోడ్ చేయగానే ప్రచారం కోసం యాప్ వాళ్లు 40 ఫ్రీ కోడ్‌లు ఇచ్చారు. ఉత్సాహం ఆగక కాలేజీ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో అన్నీ ఒకేసారి పడేశా. హార్టులు, చప్పట్లు బోలెడు. నెలాఖరుకు చూస్తే వాడింది తొమ్మిది కోడ్‌లు. రివ్యూలు సున్నా.

తప్పు నాదే. ఒక కోడ్ ఒక్కరికే పనిచేస్తుంది. గ్రూపులో పెడితే ముందు నొక్కినవాడికి దక్కుతుంది, మిగతావాళ్లకు ఎర్రర్ వస్తుంది. వాళ్లు మళ్లీ ఆ వైపు చూడరు. దేశం గొడవ ఇంకోటి. ఆడిబుల్ కోడ్‌లనే తీసుకోండి, అమెరికాకు వేరు, బ్రిటన్‌కు వేరు. డల్లాస్‌లో ఉన్న బావకు పంపేముందు అది అక్కడ చెల్లుతుందో లేదో చూసుకోవాలి.

రెండోసారి పద్ధతి మార్చా. ముందు రెండు నిమిషాల క్లిప్ పంపా. "మిగతాది ఏది?" అని అడిగినవాళ్లకే ఒక్కొక్కరికి విడిగా కోడ్ ఇచ్చా. ఎవరికి ఏ కోడ్ వెళ్లిందో షీట్‌లో రాసుకున్నా. ఐదు స్టార్లు అడగలేదు, నచ్చకపోతే అదే రాయమన్నా. పన్నెండు మందికి పంపితే ఎనిమిది మంది విన్నారు.

అసలు దెబ్బ ఊరెళ్లినప్పుడు తగిలింది. అమ్మమ్మది కీప్యాడ్ ఫోన్. యాప్ ఉండాలి, మెయిల్ ఐడీ ఉండాలి, ఓటీపీ వస్తుంది అని చెబుతుంటే నవ్వింది. "ఏందిరా, నా మాట నేను వినాలన్నా నీ కోడే కావాలా?"

నా దగ్గర జవాబు లేదు.

అదృష్టం ఏంటంటే, అప్‌లోడ్ చేసేటప్పుడు నేను 'ఎక్స్‌క్లూజివ్' దగ్గర టిక్ పెట్టలేదు. అది పెడితే చాలాచోట్ల రాయల్టీ ఎక్కువ వస్తుంది, కానీ ఆ పుస్తకాన్ని బయట ఇంకెక్కడా ఇవ్వకూడదు. టిక్ పెట్టి ఉంటే అమ్మమ్మ గొంతును అమ్మమ్మకే ఇచ్చే హక్కు నాకు ఉండేది కాదు. మీరు ఇలాంటిది చేస్తుంటే, టిక్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. ఈ పుస్తకం మొదట ఎవరు వినాలి, వాళ్ల చేతిలో ఏ ఫోన్ ఉంది అని అడగండి.

ఆ సాయంత్రమే ఎంపీ3 ఫైళ్లు మెమరీ కార్డులోకి ఎక్కించి అమ్మమ్మ ఫోన్‌లో వేశా. మంచం మీద కూర్చుని మొత్తం వింది. చివర్లో అంది: "ఒకటి తప్పు చెప్పినరా. పడవొచ్చింది తెల్లారి కాదు, ఆ రాత్రే."

నాకొచ్చిన మొదటి రివ్యూ అదే. సరిచేసి మళ్లీ అప్‌లోడ్ చేశా.